నొప్పి తగ్గింది అంటే పన్ను బాగుపడినట్టు కాదు

దిల్‌సుఖ్‌నగర్ కానీ, కూకట్‌పల్లి కానీ, మెహదీపట్నం కానీ, హైదరాబాద్‌లో ఏ మెయిన్ రోడ్డు మీద నిలబడి తలెత్తినా ఒక డెంటల్ క్లినిక్ బోర్డు కనిపిస్తుంది. స్కేలింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్యాప్, బ్రిడ్జి, ఇంప్లాంట్, క్లిప్పులు, స్మైల్ డిజైనింగ్ అని వరసగా రాసి ఉంటుంది. చదివేవాళ్లకి ఇవన్నీ వేర్వేరు జబ్బులకి వేర్వేరు వైద్యాలు అనిపిస్తాయి. నిజానికి ఆ వరసలో చాలా భాగం ఒకే జబ్బుకి, అంటే పన్ను పుచ్చడానికి, పుచ్చు ఎంత లోతుకి దిగింది అన్నదాన్ని బట్టి చేసే పనులు. మిగిలినవాటిలో ఎక్కువ చిగుళ్ల జబ్బుకి. ఈ రెండూ ఎలా నడుస్తాయో తెలిస్తే డాక్టర్ చెప్పేది అర్థమవుతుంది, బిల్లు ఎందుకంత అయిందో కూడా అర్థమవుతుంది. అసలు చిక్కు ఎక్కడంటే, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో మనం నొప్పిని బట్టి తేల్చుకుంటాం. పంటి విషయంలో నొప్పిని అంత నమ్మకూడదు. అది ఆలస్యంగా వస్తుంది, వచ్చాక ఒక్కోసారి వేరే పన్నుని చూపిస్తుంది, పరిస్థితి మరీ పాడైనప్పుడు తనంతట తనే తగ్గిపోతుంది.

పన్ను పైపొర ఎనామిల్. మనిషి ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే, కానీ అందులో నరాలు లేవు. అందుకే పుచ్చు మొదలయ్యాక నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. నోట్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరని, పిండిపదార్థాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పంటి దగ్గర పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని విరిచి, పోయినదాంట్లో కొంత తిరిగి చేరుస్తుంది, దానికి అరగంటో గంటో పడుతుంది. అంటే రోజంతా కలిపి ఎంత చక్కెర తిన్నాం అన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాం అన్నది ఎక్కువ లెక్కలోకి వస్తుంది. మన ఊళ్లో ఇబ్బంది ఇక్కడే ఉంది. పొద్దున్నే ఒక ఇరానీ చాయ్, పదింటికి ఉస్మానియా బిస్కెట్‌తో ఇంకోటి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి, సాయంత్రం ఫ్రెండ్స్‌తో రెండు, అదీ ఒక్కో కప్పు ఇరవై నిమిషాలు కబుర్లాడుతూ చప్పరించడం. లాలాజలానికి పని పూర్తిచేసే టైమే దొరకదు. పెళ్లిలో ఒకేసారి రెండు ప్లేట్లు డబుల్ కా మీఠా లాగించి రాత్రి బ్రష్ చేసుకుని పడుకున్నవాడి పళ్లే ఆ రోజుకి నయం. అంత స్వీటు తింటే షుగర్ జబ్బు సంగతి ఏంటి అన్నది వేరే మాట.

ఎనామిల్ దాటి లోపలి డెంటిన్‌లోకి పుచ్చు వెళ్లినప్పుడు మొదటి కబురు అందుతుంది. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుంది, స్వీటు తగిలితే లాగినట్టు ఉంటుంది, గ్లాసు కింద పెట్టగానే పోతుంది. చాలామంది ఈ దశలో చేసేది ఆ వైపు నమలడం మానేయడం. తర్వాత పుచ్చు లోపలి పల్ప్‌కి, అంటే జనం నరం అని పిలిచే దగ్గరికి చేరుతుంది. అక్కడ రక్తనాళాలు, నరాలు ఒక గట్టి గదిలో బందీగా ఉంటాయి. ఒంట్లో ఇంకెక్కడ వాచినా చర్మం సాగుతుంది, ఇక్కడ సాగే వీలు లేదు, ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువై ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పగలంతా ఎలాగో గడిచిన నొప్పి రాత్రి ఒంటిగంటకి మనిషిని లేపి కూర్చోబెట్టడానికి కారణం ఇదే. చల్లటిది తగిలాక జివ్వుమనడం వెంటనే పోకుండా అర నిమిషం, నిమిషం పైన కొనసాగుతోంది అంటే నరం తిరిగి కోలుకునే దశ దాటిపోయిందని డాక్టర్లు అనుమానిస్తారు.

ఆ రాత్రి మెడికల్ షాపులో మాత్ర, పంటి మీద లవంగం, మరీ తట్టుకోలేకపోతే జర్దా. లవంగంలో యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, అది నిజంగానే నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది, డెంటిస్టులు తాత్కాలికంగా పెట్టే సిమెంట్లలో కూడా అదే వాడతారు. లవంగం మీద కోపం అక్కర్లేదు. కానీ ఆ నూనెని దూదితో చిగురు మీద గట్టిగా అదిమితే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ మాత్రని పంటి పక్కన పెట్టుకుంటే ఇంకా బాగా కాలుతుంది, మరుసటి రోజు ఆ చోట తెల్లటి పొర ఊడివస్తుంది. జర్దా సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండు మూడు రాత్రుల తర్వాత ఒక పొద్దున నొప్పి మాయం. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, తీసుకున్న అపాయింట్‌మెంట్ కూడా క్యాన్సిల్. జరిగింది ఏంటంటే, లోపల నరం చచ్చిపోయింది, నొప్పి చెప్పడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. బ్యాక్టీరియా మాత్రం ఆ ఖాళీ గదిలో స్థిరపడి, వేరు చివరి నుంచి ఎముకలోకి దిగుతుంది. ఇంకొన్ని వారాలకో నెలలకో చిగురు మీద చిన్న చీము పొక్కు లేస్తుంది, పగులుతుంది, మళ్లీ లేస్తుంది. అది పెద్దగా నొప్పి పెట్టదు. చీము బయటికి పోయే దారి ఉంది కాబట్టి లోపల ఒత్తిడి ఉండదు.

ఈ క్రమం మనసులో పెట్టుకుంటే బోర్డు మీది పేర్లు వాటంతటవే సర్దుకుంటాయి. పుచ్చు డెంటిన్ దాకానే ఉంటే ఫిల్లింగ్ చాలు: పాడైన భాగాన్ని తొలిచేసి అక్కడ పదార్థం నింపుతారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది పంటి రంగులో ఉండే కాంపోజిట్, నీలం లైటు పెట్టి గట్టిపరిచేది. చిన్నపిల్లలకి, తడి ఆరని చోట్లకి గ్లాస్ అయనమర్ వాడతారు, అది కొంత ఫ్లోరైడ్ కూడా వదులుతుంది, కానీ నమిలే ఒత్తిడికి తొందరగా అరుగుతుంది. పాతకాలం వెండి ఫిల్లింగ్, అంటే అమాల్గమ్, గట్టిది, చవక, ఏళ్లకేళ్లు నిలుస్తుంది. అందులో దాదాపు సగం పాదరసం కావడంతో పర్యావరణం పేరు చెప్పి ప్రపంచమంతా దాన్ని తగ్గిస్తోంది, యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాదాపు పూర్తిగా ఆపేసింది. నోట్లో ఇప్పటికే బాగున్న వెండి ఫిల్లింగ్‌ని భయంతో పీకించి మార్పించుకోవాల్సిన పని మాత్రం లేదు.

సిమెంట్ పెట్టించాను, ఊడిపోయింది అనే ఫిర్యాదు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. కాంపోజిట్ పంటికి అంటుకోవాలంటే ఆ చోటు పూర్తిగా పొడిగా ఉండాలి, ఉమ్మి ఒక్క చుక్క తగిలినా పట్టు పోతుంది. అందుకే మంచి క్లినిక్‌లో పని చేసే పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి షీటు బిగిస్తారు, కనీసం దూది మార్చుకుంటూ, ఉమ్మి లాగే పైపు పెట్టుకుంటూ తాపీగా చేస్తారు. ఐదు నిమిషాల్లో ఫిల్లింగ్ అయిపోయిందంటే సంతోషించాల్సిన విషయమేమీ కాదు. ఇంకొకటి, ఫిల్లింగ్ అయ్యాక పళ్లు కలిపినప్పుడు అది కొంచెం ఎత్తుగా తగులుతుంటే, మెల్లగా సర్దుకుంటుందిలే అని ఊరుకోకుండా మర్నాడే వెళ్లి అరగదీయించుకోవాలి. వెంట్రుకవాసి ఎత్తు చాలు, ఆ పన్ను కొరికినప్పుడల్లా నొప్పి పుట్టడానికి.

ఇక రూట్ కెనాల్. హైదరాబాద్‌లో పంటి వైద్యం అంటే జనం భయపడేది దీనికే, డబ్బు పోయేదీ దీనికే, అనుమానాలు ఎక్కువగా ఉండేదీ దీని మీదే. పన్ను పుచ్చు నరం దాకా వెళ్లాక దారులు రెండే: లోపల శుభ్రం చేసి పన్నుని నిలబెట్టడం, లేదా పీకేయడం. మాత్రలతో నయం చేయడం అనే మూడో దారి లేదు. చచ్చిన నరానికి రక్తం అందదు, రక్తం అందని చోటికి యాంటీబయాటిక్ చేరదు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ ఐదు రోజులు వేసుకుంటే చుట్టుపక్కల వాపు తగ్గొచ్చు, మూలం మాత్రం అలాగే ఉంటుంది. వాపు, జ్వరం లేని ఉత్త పంటి నొప్పికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. అయినా మెడికల్ షాపులో పంటి నొప్పి అనగానే మొదట చేతికి వచ్చే స్ట్రిప్ అదే.

కుర్చీలో పడుకున్నాక జరిగేది ఇలా ఉంటుంది. ముందు ఒక చిన్న ఎక్స్‌రే, క్లినిక్‌లో ఆర్‌విజి అంటారు, కంప్యూటర్ మీద పన్ను వేర్లు కనిపిస్తాయి. తర్వాత లిగ్నోకైన్ ఇంజెక్షన్, అంటే ఆ చోటుని మొద్దుబార్చే మందు. పంటి పైభాగంలో చిన్న రంధ్రం చేసి, వెంట్రుక మందం నుంచి మొదలయ్యే సన్నటి ఫైళ్లతో ఒక్కో వేరు లోపలి గొట్టాన్ని గీకుతూ పోతారు. మధ్యమధ్యలో సోడియం హైపోక్లోరైట్ అనే ద్రావణంతో కడుగుతారు, ఇంట్లో వాడే బ్లీచ్‌లో ఉండేదే, నోట్లో కాస్త క్లోరిన్ వాసన వచ్చేది దీనివల్లే. అసలు శుభ్రం చేసేది ఫైలు కంటే ఈ ద్రావణమే, ఎందుకంటే గొట్టం లోపల ఫైలు అందని సందులు చాలా ఉంటాయి. వేరు చివర ఎక్కడుందో ఒక చిన్న మెషీన్ బీప్‌లతో చెబుతుంది. అంతా పొడిగా అయ్యాక గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో మూసేస్తారు. ఒక సిట్టింగ్‌లో చేయాలా, రెండు మూడు సిట్టింగుల్లోనా అన్నది పంటి పరిస్థితిని బట్టి. ఒకేసారి ముగించడం హైటెక్ కాదు, మూడుసార్లు రమ్మనడం మోసమూ కాదు.

కొందరికి ఇంజెక్షన్ ఇచ్చినా మొద్దుబారదు, డాక్టర్‌కి చేతకాలేదు అనుకుంటారు. బాగా వాచిన చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లంలో మందు నరంలోకి సరిగ్గా వెళ్లలేదు. నొప్పి ముదిరిన రాత్రి తర్వాత పొద్దున్నే పరిగెత్తినవాళ్లకే ఇది ఎక్కువ. ఇంకో ఇంజెక్షన్, వేరే చోట ఇంజెక్షన్, ఒక్కోసారి నేరుగా పల్ప్‌లోకే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తుంది. మత్తు మందు గొడవలకి హైదరాబాద్ కొత్తదేమీ కాదు. క్లోరోఫామ్ ఇస్తే చచ్చిపోయేవాళ్లు గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్న వాదన తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు ఈ ఊళ్లోనే, ఇక్కడ పనిచేసిన బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం డబ్బుతో జంతువుల మీద ప్రయోగాలు చేశాయి. పళ్లు పీకించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఆ రోజుల్లో చాలామంది. ఇప్పుడు మనం విసుక్కునే లిగ్నోకైన్‌ని స్వీడన్‌లో 1943లో తయారుచేశారు. ఆ ఒక్క సూది ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు.

రూట్ కెనాల్ చేయించినా మళ్లీ నొప్పి వచ్చింది అనే మాటలో నిజం లేకపోలేదు. పై దవడ మొదటి పెద్ద పన్నులో చాలామందికి నాలుగో కెనాల్ ఉంటుంది, అది మరీ సన్నగా, పక్కకి దాక్కుని ఉంటుంది, వెతక్కపోతే దొరకదు, దొరక్కపోతే దాంట్లోని బ్యాక్టీరియా అలాగే మిగులుతుంది. ఇలాంటి కేసుల్లో మళ్లీ తెరిచి చేయాల్సి వస్తుంది, అది మొదటిసారి కంటే కష్టం. వేర్లు వంకరగా ఉన్నా, పాత రూట్ కెనాల్ పాడైనా ఎండోడాంటిస్ట్ దగ్గరికి, అంటే ఈ పనిలో మూడేళ్లు ఎండీఎస్ చేసిన డాక్టర్ దగ్గరికి పంపమని అడగడంలో తప్పేం లేదు. పంపిస్తాను అని తనే చెప్పే బీడీఎస్ డాక్టర్ దొరికితే ఆ క్లినిక్‌ని వదులుకోకూడదు.

తర్వాత క్యాప్, అంటే పంటి మీద వేసే తొడుగు. రూట్ కెనాల్‌కి ఒక బిల్లు, క్యాప్‌కి ఇంకో బిల్లు, రెండోది చాలాసార్లు మొదటిదానితో సమానం, ఒక్కోసారి ఎక్కువ. దీంతో సగం మంది నొప్పి పోయింది కదా, క్యాప్ తర్వాత చూద్దాంలే అని వెళ్లిపోతారు. మళ్లీ నొప్పినే కొలతగా పెట్టుకోవడం. పుచ్చు తిన్నది పోగా, లోపలికి దారి కోసం తొలిచింది పోగా, ఆ పంటికి నాలుగు పల్చటి గోడలే మిగులుతాయి. మటన్ బిర్యానీలో ఒక ఎముక ముక్క పంటి కింద పడితే గోడ నిలువునా చీలుతుంది, చీలిక వేరు దాకా వెళ్తే ఇక పీకడమే. వెనక పళ్లకి క్యాప్ అవసరం దాదాపు తప్పదు. ముందు పళ్లు గట్టిగా మిగిలి ఉంటే ఒక్కోసారి ఫిల్లింగ్‌తో సరిపోతుంది, అక్కడ క్యాప్ ఎందుకు అని అడగొచ్చు.

క్యాప్‌లో మెటల్, మెటల్ మీద పింగాణీ, జిర్కోనియా అనే గట్టి తెల్లటి సిరామిక్ అని రకాలు. వెనక పంటికి ఎవరూ చూడని చోట మెటల్ క్యాప్ చక్కగా పనిచేస్తుంది, పైగా దానికోసం పన్నుని తక్కువ అరగదీస్తారు, కానీ అది అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు అంతకంటే లేరు. జిర్కోనియాకి పదేళ్లు, పదిహేనేళ్లు అని వారంటీ కార్డు ఇస్తారు. ఆ వారంటీ క్యాప్ పగలడానికే. క్యాప్ అంచు దగ్గర చిగురు పక్కన శుభ్రం లేక లోపలి పన్ను మళ్లీ పుచ్చితే కార్డు ఎందుకూ పనికిరాదు. క్యాప్‌లు ఊడేది, పోయేది ఎక్కువగా అలాగే.

చిగుళ్ల జబ్బు కథ ఇంకా మోసకారిది, అది ఆఖరిదాకా నొప్పే పెట్టదు. పళ్ల మీద మెత్తగా పట్టే పాచిలో రోజూ తీయని భాగం లాలాజలంలోని కాల్షియంతో కలిసి, కుళాయి చుట్టూ గడ్డకట్టే ఉప్పు లాగా, గారగా మారుతుంది. బోరు నీళ్ల వల్ల గార పడుతోంది అని కాలనీల్లో అనుకుంటారు, ప్రధానంగా అది ఎవరి లాలాజలం నుంచి వాళ్లకి వచ్చేదే. గార బ్రష్‌కి రాదు. దానికింద చిగురు వాచి, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, రక్తం వస్తోందని అక్కడ బ్రష్ చేయడం మానేస్తారు, అక్కడ ఇంకా గార పడుతుంది. మెల్లగా పన్నుని పట్టుకున్న ఎముక తరుగుతుంది. ఏదో ఒక రోజు పన్ను కదులుతోందని డాక్టర్ దగ్గరికి వస్తే, అప్పటికి సగం వేరు చుట్టూ ఎముక ఉండదు, పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

స్కేలింగ్ అంటే ఆ గారని మెషీన్‌తో కదిలించి తీయడం, అంతే. క్లీనింగ్ చేయిస్తే పళ్ల మధ్య సందులు పడతాయి, పళ్లు వదులవుతాయి అనే మాట బస్తీ నుంచి గేటెడ్ కమ్యూనిటీ దాకా అందరూ చెబుతారు. సందులు ముందే పడ్డాయి, వాటిని గార నింపి పెట్టింది, తీయగానే బయటపడ్డాయి. వాపు తగ్గి చిగురు కాస్త కిందికి సర్దుకోవడంతో కొన్ని రోజులు చల్లటివి జివ్వుమంటాయి కూడా. దీన్ని ముందే చెప్పని డాక్టర్ వల్ల ఒక పేషెంట్ పోతాడు, ఆ పేషెంట్ చెప్పగా ఇంకో పదిమంది పోతారు. గార చిగురు కిందికి లోతుగా దిగినప్పుడు మామూలు స్కేలింగ్ చాలదు, మత్తిచ్చి వేరు దాకా గీకే డీప్ క్లీనింగ్, ఇంకా ముదిరితే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని అశ్రద్ధ చేయకూడదు, ఎందుకంటే ఇక్కడ రెండువైపుల దెబ్బ: షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు తొందరగా పాడవుతాయి, చిగుళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. హైదరాబాద్‌లో ఇంటికో షుగర్ పేషెంట్ ఉన్నాడంటే పెద్ద అతిశయోక్తి కాదు, కానీ షుగర్ టెస్ట్ చేయించుకున్నంత క్రమంగా చిగుళ్లు చూపించుకునేవాళ్లు కనపడరు.

పళ్ల మీద మచ్చలన్నీ గార కాదు, ఈ తేడా హైదరాబాద్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ వైపు స్థిరపడ్డ కుటుంబాల్లో నల్గొండ జిల్లా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో అందరికీ తెలుసు. మన దేశంలో ఒళ్లు వంకర్లు పోయే ఫ్లోరోసిస్ గురించి మొదటి వైద్య నివేదిక కూడా తెలుగు నేల నుంచే, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి 1937లో వచ్చింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణాలు చెబుతాయి. చిన్నతనంలో, పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, అంతకంటే ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ఎనామిల్ తయారీలోనే లోపం వస్తుంది. ఆ సుద్ద తెలుపు చారలు, గోధుమరంగు మచ్చలు పంటి లోపలివి. స్కేలింగ్ చేస్తే పోవు. బ్లీచింగ్ చేస్తే ఒక్కోసారి తెల్ల మచ్చలు ఇంకా ఎత్తి కనిపిస్తాయి. పైపైన ఉంటే మైక్రోఅబ్రేషన్ అని పైపొరని పల్చగా గీకి తేలికపరుస్తారు, లోతుగా ఉంటే కాంపోజిట్ పూత, లేదా వెనీర్, అంటే పంటి ముందువైపు అతికించే పల్చటి పొర. పెళ్లి సంబంధాల వయసులో ఈ మచ్చల గురించి టెన్షన్ పడి వచ్చినవాళ్లకి నాలుగుసార్లు స్కేలింగ్ చేసి పంపడం అన్యాయం. ఆ ఊళ్లకి ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు అందుతున్నాయి, ఆ నీళ్లతో పెరిగిన పిల్లల పళ్లకీ అమ్మానాన్నల పళ్లకీ తేడా కంటికి కనిపిస్తుంది.

ఈ అనుభవం వల్లే చాలా ఇళ్లల్లో ఫ్లోరైడ్ పేస్టు అంటేనే భయం. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైన పనిచేసి ఉమ్మితో పోయేది, నీళ్లలోది రోజంతా కడుపులోకి వెళ్లేది. మూడేళ్ల లోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు, మింగకుండా పక్కనే ఉండి చూసుకుంటే భయపడాల్సిన పని లేదు. టీవీ ప్రకటనలో బ్రష్ పొడవునా పరిచే పేస్టు కంపెనీ అమ్మకం కోసం.

పిల్లల దగ్గర ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. పాల పళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అనే మాట. ఆరేళ్లకి, ఏ పాల పన్నూ ఊడకుండానే, వరసలో అన్నిటికంటే వెనక ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను, జీవితాంతం ఎక్కువ నమిలేది దాంతోనే. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాల పన్నే అనుకుని, పుచ్చితే పోనీలే అని వదిలేస్తారు. పదేళ్ల పిల్లాడికి రూట్ కెనాల్ అవసరమైంది అంటే చాలాసార్లు ఈ పన్నుకే. అది రాగానే పై గాడుల్ని సీలెంట్ అనే పూతతో మూయించడం చవకైన, నొప్పి లేని, పది నిమిషాల పని. పాల పన్నునైనా ముందే పీకేస్తే పక్కవి ఆ ఖాళీలోకి జరిగి, వెనక రావాల్సినదానికి చోటు దొరక్క ఎత్తు పళ్లు, వంకర పళ్లు అవుతాయి. తర్వాత క్లిప్పులకి ఏడాదిన్నర, రెండేళ్లు, దానికి తగ్గ ఖర్చు. క్లిప్పులు తీశాక పళ్లని కదలకుండా పట్టి ఉంచే రిటెయినర్ పెట్టుకోకపోతే అవి మెల్లగా పాత చోటికే బయల్దేరతాయి, క్లిప్పులకి బదులు వాడే పారదర్శక తొడుగులకైనా, అంటే అలైనర్లకైనా, ఇదే సూత్రం.

పన్ను పీకడం దగ్గర మన దగ్గర ఉన్న అపోహ అందరికీ తెలిసిందే: పై పన్ను పీకితే కళ్లు పోతాయి. కంటి చూపు నరానికీ పంటి నరానికీ సంబంధం లేదు. అరవై దాటాక పళ్లు పీకించుకున్న ఏడాదే శుక్లం బయటపడితే రెండూ ముడిపెట్టేశారు, అంతే. నిజంగా జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. గుండెకి ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పల్చబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు పన్ను పీకించడానికి ముందు వాటిని సొంతంగా మానేస్తారు, ఇది రక్తస్రావం కంటే పెద్ద ప్రమాదం. ఏ మందులు వాడుతున్నారో పంటి డాక్టర్‌కి చెప్పాలి, మానాలా వద్దా అన్నది గుండె డాక్టర్‌తో మాట్లాడి వాళ్లే తేలుస్తారు, చాలాసార్లు మానక్కర్లేకుండానే పీకుతారు. పీకాక పెట్టిన దూదిని అరగంట, ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో ఏమీ తాగకూడదు, ఎందుకంటే గుంతలో గడ్డకట్టిన రక్తమే అక్కడ కట్టు. సిగరెట్ తాగినా, మాటిమాటికీ పుక్కిలించినా అది ఊడి, ఎముక బయటపడి, రెండో రోజో మూడో రోజో పీకినప్పటి కంటే ఘోరమైన నొప్పి మొదలవుతుంది. జ్ఞాన దంతాలు అడ్డంగా ఇరుక్కుని చిగురు మాటిమాటికీ వాస్తుంటే తీయించడమే మేలు. ఏ ఇబ్బందీ లేకుండా నిటారుగా వచ్చినవాటిని ఎవరో చెప్పారని తీయించక్కర్లేదు.

పీకిన చోట ఖాళీ వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి, ఎదురు పన్ను ఆ ఖాళీ వైపు జరుగుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ల మీద ఆనించి పెట్టే పన్ను, వేస్తే పక్కనున్న రెండు మంచి పళ్లని అరగదీయాలి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు చవక, కానీ వాటికి అలవాటు పడాలి. ఇంప్లాంట్‌కి టైటానియం స్క్రూని ఎముకలో బిగించి, ఎముక దానికి అతుక్కునేదాకా సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, పైన పన్ను పెడతారు. టైటానియం ఎముకతో అలా కలిసిపోతుందని గమనించిన స్వీడన్ డాక్టర్ బ్రేన్‌మార్క్ మొదటి పేషెంట్‌కి 1965లో పెట్టాడు. ఎముక తగ్గినవాళ్లకి, షుగర్ అదుపులో లేనివాళ్లకి, పొగ తాగేవాళ్లకి ఇది విఫలమయ్యే అవకాశం ఎక్కువ, మూడు రోజుల్లో పళ్లు అనే ప్రకటన చూసి వెళ్లేటప్పుడు ఆ ప్రశ్న అడిగి వెళ్లడం మంచిది. నవ్వు అందంగా కనిపించడానికి చేసే స్మైల్ డిజైనింగ్ గురించి ఒక్క మాట చాలు: పంటికి జబ్బు లేనప్పుడు, వెనీర్ కోసం ఒకసారి అరగదీసిన ఎనామిల్ తిరిగి పెరగదు.

ఈ ఊళ్లో పంటి డాక్టర్ చేసే పనుల్లో బోర్డు మీద రాయనిది ఒకటుంది. గుట్కా, పాన్ మసాలా, వక్క నమిలేవాళ్ల నోరు మెల్లగా బిగుసుకుపోతుంది, మిర్చి బజ్జీ తింటే మంట, నోరు తెరిస్తే రెండు వేళ్లు కూడా పట్టవు. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. దీన్ని మొదట చూసేది పన్ను నొప్పి అని వెళ్లినప్పుడు నోరు తెరవమన్న డాక్టరే. రెండు మూడు వారాలకి మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, అది నొప్పి లేకపోయినా, నొప్పి లేకపోతే మరీ ముఖ్యంగా, చూపించుకోవాలి. అవసరమైతే వాళ్లే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతారు.

ఖర్చు దగ్గర ఆగిపోయేవాళ్లకి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లో కూడా బయట క్లినిక్ కంటే చాలా తక్కువకే చేస్తారు. విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఒక రూట్ కెనాల్‌కి నాలుగైదు సార్లు తిరగాల్సి రావొచ్చు, పోయేది టైమే. మామూలు ఆరోగ్య బీమాలో ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి వైద్యానికి సాధారణంగా డబ్బు రాదు.

బయట క్లినిక్‌లో డబ్బు కట్టేముందు ఎక్స్‌రే చూపించమని అడగొచ్చు, ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. చీటీ మీద 46 ఆర్‌సిటి అని రాసి ఉంటే, ఆర్‌సిటి అంటే రూట్ కెనాల్, 46 అన్నది పంటి నంబర్. మొదటి అంకె నోట్లో ఏ మూల అన్నది: పేషెంట్‌కి కుడి పైన 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె మధ్య నుంచి వెనక్కి ఎన్నో పన్ను అన్నది. 46 అంటే కుడి కింద మొదటి పెద్ద దవడ పన్ను. నొప్పి ఎడమవైపు ఉంటే ఆ చీటీ పట్టుకుని వెంటనే వెనక్కి వెళ్లాలి. అదే వైపు పైన నొప్పి అనిపిస్తుంటే మాత్రం డాక్టర్ రైటే కావొచ్చు: పల్ప్ నొప్పి కింది పన్నుది పైకి, పైది కిందికి, చెవిలోకి కూడా పాకినట్టు అనిపిస్తుంది, కానీ కుడి నుంచి ఎడమకి దాటడం చాలా అరుదు. అందుకే నొప్పి పెట్టే పన్ను ఇదే అని పేషెంట్ ఎంత గట్టిగా చెప్పినా డాక్టర్ ఒక్కో పన్నునీ తట్టి, చల్లటిది తాకించి చూస్తాడు.

క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని పరిస్థితి ఒకటుంది. కింది దవడ పన్ను ఇన్‌ఫెక్షన్ గడ్డం కిందికి, మెడ వైపుకి దిగితే అక్కడ గట్టిగా వాస్తుంది, నాలుక పైకి లేస్తుంది, ఉమ్మి మింగలేరు, గొంతు మారుతుంది, ఊపిరి బరువవుతుంది. లడ్విగ్స్ ఆంజైనా అంటారు, 1836లో వర్ణించిన జర్మన్ డాక్టర్ పేరు మీద. అప్పటికి పన్ను నొప్పి పెద్దగా లేకపోవచ్చు. ఇది గంటల్లో శ్వాస మూసేయగలదు, కాబట్టి రాత్రి ఎంత అయినా డెంటల్ క్లినిక్‌కి కాదు, గాంధీకో ఉస్మానియాకో, దగ్గర్లో ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకో తీసుకెళ్లాలి, దారిలో మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే ఉంచాలి.